విన్నిపెగ్‌కి మూడు రోజులు

కైసా ఆ కాగితాన్ని మొదటి నుంచి రాయడం అది నాలుగోసారి. శనివారం ఉదయం ఏడింటికి థండర్ బే నుంచి బయలుదేరడం. సాయంత్రం నాలుగింటికల్లా విన్నిపెగ్. ఆదివారం పొద్దున జూలో ధ్రువపు ఎలుగుబంట్లు, మధ్యాహ్నం మ్యూజియం. సోమవారం విక్టోరియా డే సెలవు, టిఫిన్ కాగానే తిరుగు ప్రయాణం. వెళ్లడానికి ఏడు వందల కిలోమీటర్లు, రావడానికి ఏడు వందలు. మధ్యలో చేతికి దక్కేది ఒకటిన్నర రోజు. ఆ ఒకటిన్నర రోజులో ముగ్గురు పిల్లల్నీ ఒక మొగుణ్ణీ సంతోషపెట్టాలి.

"నేను లూమీతో ఒకే మంచం మీద పడుకోను," అంది పదమూడేళ్ల టెస్సా, ఫోన్లోంచి తల ఎత్తకుండానే. "నిద్రలో గాడిదలా తన్నుతుంది."

"నేను తన్నను!" అంటూ నాలుగేళ్ల లూమీ బల్ల కింద నుంచి అక్క కాలు తన్నింది.

"చూశావా అమ్మా? మెలకువగా ఉన్నప్పుడే ఇలా ఉంది."

"ఉన్నది ఒక్కటే గది. రెండు మంచాలు," అంది కైసా. "ఆ వారం ఊళ్లో ఏవో డాన్సు పోటీలట. హోటళ్లన్నీ నిండిపోయాయి. తొమ్మిది చోట్లకి ఫోన్ చేస్తే ఇదొక్కటి దొరికింది."

"స్విమ్మింగ్ పూల్ ఉందా?" అంది లూమీ. ఆ పిల్లకి విన్నిపెగ్ అంటే అదొక్కటే.

"ఉందే తల్లీ. ఇప్పటికి పదిసార్లు చెప్పాను."

"ఎలుగుబంట్లకా, మనకా?"

కైసా కాగితంలో తల పెట్టేసింది. టెస్సాకి పాత బట్టల దుకాణాలున్న వీధి కావాలి, అదీ తమ్ముడూ చెల్లీ వెంట లేకుండా. లూమీకి నీళ్లు కావాలి. ఎనిమిదేళ్ల ఐవర్‌కి కారెక్కితే కడుపులో తిప్పుతుంది కాబట్టి గంటన్నరకోసారి ఆపాలి. అలా ఆపుకుంటూ పోతే నాలుగింటికి చేరడం కల్ల. మ్యూజియం సోమవారం తీస్తారో లేదో ఎవరూ సరిగ్గా చెప్పరు. ఆదివారమే రెండూ చూడాలంటే లూమీకి మధ్యాహ్నం నిద్ర ఉండదు. ఆ నిద్ర తప్పిందంటే ఆ తర్వాత ఆ పిల్లని ఎవరూ పట్టలేరు.

"నీకేం చూడాలనుందిరా ఐవర్?" అని అడిగింది.

వాడు భుజాలెగరేశాడు. "నీ ఇష్టం."

"నా ఇష్టమేంట్రా? నువ్వేగా ఎలుగుబంట్లు అన్నావు?"

"అది పోయినసారి."

బల్లకి అటు చివర డార్సీ బంగాళదుంప కూరి ఉడికించిన పెరోగీల మీద మీగడ వేసుకుని నింపాదిగా తింటున్నాడు. అతను గూడ్సు బండి డ్రైవరు. ఆ ఉద్యోగానికి వేళాపాళా లేదు. ఫోన్ మోగితే రెండు గంటల్లో యార్డులో ఉండాలి. పెళ్లయిన పదిహేనేళ్లలో ఆ ఫోన్ మింగేసిన పండగలూ పుట్టినరోజులూ లెక్కపెట్టడం కైసా ఏనాడో మానేసింది. పోయిన ఆగస్టులో డులూత్ ప్రయాణానికి సామాన్లు కారులో పెట్టాక మోగింది. మార్చి సెలవుల్లో ఇంకా అన్యాయం, పిల్లలు బెల్టులు పెట్టుకుని కూర్చున్నాక మోగింది. అందుకే ఈసారి ఆమె రెండు నెలల ముందే భర్త వెంటపడింది, సెలవు పెట్టు, కాగితం మీద పెట్టు, నోటి మాటగా కాదు అని. పెట్టేశానన్నాడు.

"నువ్వన్నా ఒక మాట చెప్పు డార్సీ. ముందు జూకి పోదామా, మ్యూజియానికి పోదామా?"

"నువ్వెలా అంటే అలాగే."

"నేనెలా అంటే అలాగేనని నాకూ తెలుసు. నువ్వేమంటావని అడుగుతున్నా."

"రెండూ బానే ఉన్నాయి కదా," అని అతను ఇంకో పెరోగీ నోట్లో పెట్టుకున్నాడు.

కైసాకి ఒళ్లు మండింది. ఇంట్లో ఇంతమంది ఉండి ఈ ప్రయాణం తన ఒక్కదానిదే అయినట్టుంది. చెడితే మాత్రం అందరూ తన మొహం వైపే చూస్తారు. పెన్ను మూత పెట్టి, కాగితం ఫ్రిజ్ మీద అంటించి, గిన్నెలు సింకులో కావాలనే చప్పుడయ్యేట్టు పడేసింది. ఎవరూ ఎందుకని అడగలేదు.

*

శుక్రవారం మధ్యాహ్నం, తను పనిచేసే దంతవైద్యశాలలో కైసాకి ఇంకొక్క పేషెంటే మిగిలింది. వచ్చింది నోరీన్. ఆమె భర్త బ్రెంట్ కూడా డార్సీతోపాటే గూడ్సు బళ్లు నడుపుతాడు. మనిషి మంచిదే. నోట్లో ఏం పెట్టినా మాటలు మాత్రం ఆపదు.

"మేం రేపు కాటేజీకి పోతున్నాం," అంది నోరీన్, కైసా పళ్లు గీకడానికి పరికరం అందుకునేలోపు. "మావాడికి ఎట్టకేలకి సెలవిచ్చారు. మీవాడి సంగతి విని అయ్యో అనిపించిందమ్మా."

"ఏ సంగతి?"

"అదే, సెలవు ఇవ్వలేదటగా. ఇద్దరూ ఒకేరోజు పెట్టుకున్నారు, మావాడు సీనియరని మావాడికిచ్చారు. రెండు వారాలైపోలా? మీ ఆయన పాపం అందర్నీ అడిగాడంట, ఎవరైనా డ్యూటీ మార్చుకుంటారేమోనని. ఈ వారం ఎవడు మార్చుకుంటాడు చెప్పు?"

కైసా చేతిలోని చిన్న అద్దం నోరీన్ పెదవి దగ్గరే ఆగిపోయింది. మాస్కు ఉంది కాబట్టి సరిపోయింది.

"నీకు చెప్పలేదా ఏంటి?" అంది నోరీన్ కళ్లు పెద్దవి చేసి.

"ఎందుకు చెప్పడూ? నోరు తెరువు," అంది కైసా.

ఆ తర్వాతి అరగంట ఆమె ఏ పన్ను శుభ్రం చేసిందో ఆమెకే తెలియదు. రెండు వారాలు. ఆ రెండు వారాల్లోనే తను తొమ్మిది హోటళ్లకి ఫోన్ చేసింది. ఆ రెండు వారాల్లోనే 'నువ్వెలా అంటే అలాగే' అన్నాడు. వెళ్లనివాడికి జూ అయితేనేం, మ్యూజియం అయితేనేం?

ఇంటికొచ్చేసరికి డార్సీ వాకిట్లో కారు తుడుస్తున్నాడు. మామూలుగా తుడవడం కాదు. సీట్ల సందుల్లో ఎండిపోయిన ద్రాక్షపళ్లు కూడా పుల్లతో తీస్తున్నాడు. తప్పు చేసినప్పుడే ఆ మనిషికి అంత శుభ్రం గుర్తొస్తుంది.

"ఎప్పుడు చెబుదామనుకున్నావ్?" అంది కైసా. "కారు స్టార్ట్ చేశాకా?"

డార్సీ పుల్ల పట్టుకునే నిలబడ్డాడు. ఏ సంగతి అని అడగలేదు. అడిగి ఉంటే ఆమె ఇంకేం చేసేదో.

"ఎవరో ఒకరు మార్చుకుంటారనుకున్నా," అని నీళ్లు నమిలాడు. "నిన్నటిదాకా కూడా ఒకడు చూస్తానన్నాడు."

"రెండు వారాలు డార్సీ!"

"నీ మొహం చూసి చెప్పలేకపోయా. ఆ కాగితం ముందేసుకుని కూర్చుంటావు, ఏడింటికిది, ఎనిమిదింటికిది అంటూ... ఎట్లా చెప్పమంటావ్?"

"నోటితో చెప్పమంటా. సెలవివ్వకపోవడం నీ తప్పు కాదు, అది రైల్వేవాళ్ల ఖర్మ. దాచావు చూడు, అది నీది. పిల్లలకి ఎవరు చెప్తారిప్పుడు? ఆగస్టులో ఎవరు చెప్పారు? మార్చిలో ఎవరు చెప్పారు? నువ్వు బ్యాగు భుజానేసుకుని పోతావు. వెనక నిలబడి 'ఈసారికి లేదమ్మా' అని ఆ మూడు మొహాలకి చెప్పేది నేను. వాళ్లకి నేనే రాక్షసిని."

"అట్లా అనుకోరు."

"నువ్వుంటావా చూడ్డానికి?"

పక్కింటి ముసలాయన గడ్డి కోసే యంత్రం ఆపి మరీ వింటున్నాడు. కైసా లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

గది వద్దనుకుంటే సాయంత్రం నాలుగింటిలోపు చెప్పాలని హోటలువాళ్లు ముందే అన్నారు. గడియారం మూడూ నలభై చూపిస్తోంది. ఫోన్ తీసి నంబరు నొక్కింది. దయచేసి వేచి ఉండండి అంటూ ఎవరో తియ్యగా చెప్పారు. ఆ వెనకాలే పాట. ఫోన్ చెవికి ఆనించుకుని, పిల్లల సంచులు ఎలాగూ ఖాళీ చెయ్యాలిగా అనుకుంటూ మేడెక్కింది.

టెస్సా సంచి జిప్పు పట్టనంతగా ఉబ్బి ఉంది. లూమీ సంచిలో ఈత దుస్తులు మూడు జతలు, ఒక్క చెప్పు, గుడ్డ బొమ్మ కుందేలు. ఐవర్ సంచి మంచం కింద ఉంది. బయటికి లాగితే తేలిగ్గా వచ్చేసింది. లోపల ఏమీ లేదు. పోయిన శనివారం తను ఉతికి, మడిచి వాడి చేతికిచ్చిన బట్టలు అలమారలో ఇచ్చినవి ఇచ్చినట్టే ఉన్నాయి.

వాడు కిటికీ దగ్గర కూర్చుని బొమ్మ క్రేను చక్రం ఊడదీస్తున్నాడు.

"ఏరా, ఏం సర్దలేదే?"

"సర్దితే మళ్లీ తీసి పెట్టాలి కదా," అన్నాడు, చక్రం మీంచి చూపు తిప్పకుండా. గొంతులో కోపం లేదు, అలక లేదు. బయట చలిగా ఉంది, కోటు వేసుకోవాలి అన్నంత మామూలుగా అన్నాడు.

కైసా గుండె చివుక్కుమంది. ఏడిచినా బాగుండేది. అరిచినా, టెస్సాలా మొహం గంటు పెట్టుకున్నా బాగుండేది. 'అది పోయినసారి' అని వాడు బల్ల దగ్గర అన్న మాటకి అర్థం ఇప్పుడు తెలిసింది. కోరుకోవడమే మానేశాడన్నమాట, ఎనిమిదేళ్లకి.

చెవి దగ్గర పాట ఆగింది. "నమస్కారమండీ, మీకు ఏ విధంగా సాయపడగలం?" అందో ఆడగొంతు.

"ఏం లేదు," అంది కైసా. "రేపు వస్తున్నాం. అది చెబుదామనే చేశా."

ఫోన్ పెట్టేశాక విన్నిపెగ్ రోడ్డు గుర్తొచ్చింది. ఒంటరిగా ఆమె ఎప్పుడూ ఆ రోడ్డు మీద గంట దూరం దాటి పోలేదు. మిగతాదంతా అడవి, చెరువులు, ఎదురుగా దూసుకొచ్చే ట్రక్కులు, ఎప్పుడు పడితే అప్పుడు రోడ్డు మీదికొచ్చే మూస్ దుప్పులు. ఎప్పుడూ డార్సీయే నడిపేవాడు. తను పక్కన కూర్చుని పిల్లలకి బిస్కెట్లు అందించేది.

కిందికి దిగి భర్తతో చెప్పింది. "మేం వెళ్తున్నాం. నువ్వు రావట్లేదని వాళ్లకి నువ్వే చెప్పు. నేను చెప్పను. ఈసారి నా నోటితో చెప్పను."

"నువ్వొక్కదానివే? ఆ రోడ్డు మీద?"

"ఇంకెవరున్నారు?"

"సరే. భోజనాల దగ్గర చెప్తా."

ఐదింటికి ఫోన్ మోగింది. డార్సీ డబ్బాలో నాలుగు సాండ్‌విచ్‌లు పెట్టుకుని, బూట్లు తొడుక్కుని, "ఇగ్నేస్ దాకానే, పొద్దున్న ఫోన్ చేస్తా," అని గొణిగి వెళ్లిపోయాడు. పిల్లలకి చెప్పలేదు. అతనెక్కిన టాక్సీ వీధి మలుపు తిరిగాక కైసాకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ పూట ఆమె పెట్టిన భోజనం ఎలా ఉందో చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

"నాన్న రాడు కదా," అంది టెస్సా, కంచాలు తీసేటప్పుడు, మిగతా ఇద్దరికీ వినపడకుండా.

"మీ నాన్ననే అడుగు."

"అమ్మా, నేనేం లూమీని కాదు."

"తెలుసు. అయినా ఆయన్నే అడుగు."

*

శనివారం ఏడింటికి బయలుదేరాలని రాసుకున్నారు. ఎనిమిదింబావుకి కదిలారు. లూమీ రెండో చెప్పు దొరకలేదు. ఐవర్ బట్టలు కైసాయే సంచిలో కుక్కింది, వాడు చూస్తుండగానే. నాన్నేడని లూమీ అడిగితే, దారిలో కనిపిస్తాడని చెప్పింది.

అది అబద్ధం కాదు. గూడ్సు బళ్ల డ్రైవర్లు బండి అప్పగించి విశ్రాంతి తీసుకునే రన్నింగ్ రూము ఇగ్నేస్‌లోనే ఉంది. విన్నిపెగ్ రోడ్డు ఆ ఊరి మీదుగానే పోతుంది. పొద్దున్నే ఇంకో కాగితం రాయకుండానే కైసా ఆ సంగతి ఆలోచించి పెట్టుకుంది.

మొదటి గంట రెండు చేతులూ స్టీరింగుకి అతుక్కుపోయాయి. వెనకనుంచి ట్రక్కు వస్తే పక్కకి తప్పుకుంది. అది విసురుగా దాటిపోతుంటే కారు ఊగింది. రెండో గంటలో పొగమంచు కమ్మింది. ఇగ్నేస్ ఇంకో అరగంట ఉందనగా ఐవర్ "అమ్మా," అన్నాడు. ఆ 'అమ్మా' ఏమిటో ఆమెకి తెలుసు. ఆపేలోపే వాడి చొక్కా, సీటు, లూమీ కుందేలు అన్నీ తడిసిపోయాయి. లూమీ కెవ్వుమంది. టెస్సా ముక్కు మూసుకుని కిటికీ దించింది.

"ఇంతకుముందే ఆపి ఉంటే ఇలా అయ్యేది కాదు," అంది టెస్సా.

"ఇంకొక్క మాట మాట్లాడితే నిన్ను ఇక్కడే దింపేస్తా, దుప్పులతో ఉండు," అంది కైసా. కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి కోపానివో, భయానివో, ఆ వాసనకో.

రన్నింగ్ రూము ముందు కారు ఆగేసరికి డార్సీ మెట్ల మీద కూర్చుని కాఫీ తాగుతున్నాడు. జుట్టు చెదిరి ఉంది. వాళ్లని చూసి లేచి నిలబడ్డాడు. మొహంలో సంతోషం, దిగులు రెండూ ఒకేసారి వచ్చాయి.

"నాన్నా! ఐవర్ నా కుందేలు మీద కక్కాడు!" అని లూమీ పరిగెత్తింది.

కైసా కారు దిగి, తలుపుకి ఆనుకుని నిలబడింది. "చెప్పు," అంది.

"ఇక్కడా?"

"ఇక్కడే."

డార్సీ మోకాళ్ల మీద కూర్చున్నాడు. గొంతు సవరించుకున్నాడు. మూడు కిలోమీటర్ల పొడవున్న బండిని నడిపే మనిషికి మూడు ముక్కలు చెప్పడానికి అంతసేపు పట్టడం కైసా అదే మొదటిసారి చూడటం.

"నేను విన్నిపెగ్ రావట్లేదు," అన్నాడు చివరికి. "సెలవివ్వలేదు. ఆ సంగతి నాకు రెండు వారాల కిందటే తెలుసు. అమ్మకి చెప్పలేదు, మీకూ చెప్పలేదు. అమ్మ తప్పేం లేదు ఇందులో. నాకు చెప్పడానికి భయమేసింది."

"భయమా? ఎందుకు?" అంది లూమీ.

"మీరు ఏడుస్తారని."

"ముందే చెప్తే ఏడ్చి ఊరుకునేవాళ్లం కదా నాన్నా," అంది టెస్సా. గొంతు పైకి లేచింది. "రెండు వారాలు అమ్మ ఎంత విసుక్కుందో తెలుసా? మా మీద! ఫోన్ల మీద ఫోన్లు! నువ్వేమో పెరోగీలు తింటూ కూర్చున్నావు!"

"అవునే," అన్నాడు డార్సీ.

ఐవర్ తడిసిన చొక్కాతో అలాగే నిలబడి ఉన్నాడు. "అంటే ఇక్కణ్ణుంచి ఇంటికేనా?" అన్నాడు.

"కాదురా. మీరు వెళ్తున్నారు. అమ్మ తీసుకెళ్తోంది."

వాడు తల్లి వైపు చూశాడు. కైసా తలూపింది. వాడు ఇంకాసేపు చూశాడు, ఆమె మాట మారుస్తుందేమో అన్నట్టు. తర్వాత కారు వెనక్కి వెళ్లి సంచి తెరిచి చొక్కాలు ఒక్కొక్కటే తీసి చూశాడు. "నా ఆకుపచ్చది పెట్టలేదేం?" అని విసుక్కున్నాడు. చాన్నాళ్లకి వాడు విసుక్కోవడం విని కైసాకి ప్రాణం లేచొచ్చింది.

డార్సీ బకెట్టు తెచ్చి సీటు కడిగాడు. కుందేలుని సబ్బుతో ఉతికి, పిండి, వెనక అద్దం దగ్గర ఎండేశాడు. వెళ్లేముందు డ్రైవరు కిటికీ దగ్గరికి వచ్చాడు.

"డ్రైడెన్ దాటాక మలుపులెక్కువ. ట్రక్కు వెనకాల వస్తే కంగారు పడకు, వాడి తొందర వాడిది." సైడు అద్దం చేత్తో తుడుస్తూ, "కోపం తగ్గిందా?" అన్నాడు.

"లేదు," అంది కైసా. "సోమవారం మాట్లాడుకుందాం. ఇంట్లో ఉంటే." అని కారు కదిలించింది.

కెనోరా దాటాక అడవి పలచబడింది. మానిటోబాలోకి అడుగుపెట్టగానే రోడ్డు వెడల్పయింది, ఆకాశం ఒక్కసారిగా కిందికి దిగొచ్చింది. ఐవర్ మళ్లీ కక్కలేదు. ఆరింటికి హోటలు చేరారు. గది మూడో అంతస్తులో ఉంది. అదే అంతస్తు నిండా డాన్సు పోటీకొచ్చిన పిల్లలు, మొహాల నిండా మెరుపులు, వరండాలో గంతులు. కైసా గది తలుపు తెరిచి చూసింది. రెండు మంచాలే, అనుకున్నదానికంటే ఇరుకువి.

అరగంటలో పిల్లలు ముగ్గురూ నీళ్లలో ఉన్నారు. అందరి ఈత దుస్తులూ పెట్టిన కైసా తనవి మాత్రం మర్చిపోయింది. గట్టు మీద కూర్చుని ప్యాంటు మడిచి కాళ్లు నీళ్లలో పెట్టింది. భుజాలు రాళ్లలా ఉన్నాయి. ఫోన్ తీసి డార్సీకి 'చేరాం' అని ఒక్క మాట రాసి పంపింది. నువ్వొక్కదానివే నడిపావా అంతా, అని వెంటనే జవాబొచ్చింది. దానికి ఆమె బదులివ్వలేదు. ఇంకెవరు నడుపుతారు? ఫోన్‌ని తువ్వాలు కింద పెట్టింది.

ఐవర్ ఈదుకుంటూ వచ్చి గట్టు పట్టుకున్నాడు. "రేపు ఎలుగుబంట్ల దగ్గరికి ముందెళ్దామా, తర్వాతా?"

"ముందు," అంది కైసా. "తొమ్మిదింటికి గేటు తీస్తారు. ఎనిమిదింబావుకి గది దాటాలి. అంటే ఏడింటికి లేవాలి."

"సెలవుల్లో ఏడింటికా!" అని అటువైపు నుంచి టెస్సా నీళ్లు చిమ్మింది.

"ఆరున్నరకి లేపేదాన్ని," అంది కైసా, మొహం తుడుచుకుంటూ. "పోనీలే పాపమని ఏడింటికి."